రాజమల్లయ్య బ్యాటరీ

బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలంటే ఏం చెయ్యాలని అడగని మనిషి సిద్దిపేటలో నాకు తగల్లేదు. చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషీ తగల్లేదు. బస్టాండు వెనక గల్లీలో నాది బ్యాటరీలు చార్జింగు పెట్టే దుకాణం. పెళ్లిళ్లకు మైకుసెట్లు కట్టేవాళ్లు, ట్రాక్టర్ల వాళ్లు, కరెంటు లేని ఇళ్లలో టీవీలు పెట్టుకున్న పల్లెటూళ్ల వాళ్లు, అందరూ చచ్చిన బ్యాటరీని తెచ్చి నా బల్ల మీద దించుతారు. "దత్తాత్రి సేటూ, జెర మంచిగ చెయ్యి, ఎక్కువ దినాలు రావాలె" అంటారు. నేను మొత్తం పురాణం విప్పుతాను. వాళ్లు తల ఊపి, బయటికి వెళ్లగానే మరిచిపోతారు. నాకు కోపం ఎక్కువని బజార్లో పేరు. యాసిడ్ వాసన పీలుస్తూ, పొద్దుట నుంచి పొద్దుగూకే దాకా కిటికీ లేని గదిలో నిలబడి చూడండి, మీకెంత శాంతం మిగులుతుందో నేనూ చూస్తాను.

యాదవ్వ మొదటిసారి వచ్చింది ఎనభై ఎనిమిదిలో, దసరా వెళ్లిన తరవాత. నెత్తి మీద గంప, గంపలో పాత బట్టల మధ్య బ్యాటరీ, బ్యాటరీకి పసుపూ కుంకుమా. దసరాకు పెట్టిన బొట్టు ఇంకా తుడవలేదు. దించుకోవడానికి సాయం పట్టాను. అప్పుడు చూశాను, ఆమె చీరకు ఒడి దగ్గరంతా చిల్లులు. యాసిడ్ చుక్క పడితే బట్ట అలాగే పోతుంది, నా అంగీలన్నీ సాక్ష్యం.

"ఒడిల పెట్టుకొని వచ్చినవా ఏంది?" అన్నాను.

"మరేం జెయ్యాలె సేటూ? కండక్టరు ఎక్కనియ్యనన్నడు. ఒలికితె అందరి కాళ్లు కాలుతయంట. ఒలికితె నా మీదనే ఒలుకుతది, నేను పట్టుకొని కూసుంట అన్న."

ఆమెది కొమురవెల్లి దారిలో బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. ఊరి చివర తాటివనం, ఆ వనంలో వాళ్ల ఇల్లు. కరెంటు స్తంభాలు ఊళ్లోనే ఆగిపోయాయి, వనం దాకా రాలేదు. ఆమె భర్త రాజమల్లయ్య కల్లుగీసేవాడు. ఆ ఏడు వానాకాలం మొదట్లో తడిసిన చెట్టు మీంచి జారి కింద పడ్డాడు. హైదరాబాదు దవాఖానలో ఎన్నో రోజులు ఉంచి, నడుం కింద ఇక ఏమీ పనిచెయ్యదని చెప్పి పంపించారు. అప్పటి నుంచీ మంచమే. తోటి గీత కార్మికులంతా కలిసి, పడుకొని ఏం చేస్తాడు, బొమ్మలన్నా చూస్తాడని, ఒక చిన్న టీవీ కొనిపెట్టారు. బ్యాటరీతో నడిచే నలుపు తెలుపు టీవీ. యాంటెనాకు వెదురు బొంగు సరిపోలేదట. వెంకటనర్సయ్య అనే అతను, రాజమల్లయ్యకు జోడీగా చెట్లెక్కేవాడు, యాంటెనాను చెట్టెక్కే మోకుకు తగిలించుకొని ఇంటి పక్కన తాటిచెట్టు ఎక్కి నడినెత్తిన కట్టి వచ్చాడు. సిద్దిపేటలో పెద్ద పెద్ద మేడల మీద రాని బొమ్మ వాళ్లకు అద్దంలా వచ్చేది.

ఇదంతా ఆమె ఒక్కరోజే చెప్పలేదు. బ్యాటరీ తెచ్చినప్పుడల్లా కొంత కొంత చెప్పేది. రాజమల్లయ్య మాట వచ్చిందంటే ఆమెకు పాత రోజులే. తెల్లారకముందే చెట్టెక్కేవాడట. పైనుంచి ఊరంతా అతనికి కనపడేది. ఎవరి బర్రె ఎవరి చేలో పడిందో, ఏ బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తోందో, ఎవరింటికి చుట్టాలు దిగారో, అన్నీ చెట్టు మీంచే కేకేసి చెప్పేవాడు. "ఓ బాలవ్వా, నీ బర్రె మక్కచేన్ల పడ్డది!" అని అతను అరిస్తే బాలవ్వ ఇంట్లోంచి తిట్టుకుంటూ పరుగెత్తేదట. ఊరికి అతనొక రేడియో. ఇప్పుడతని మంచంలోంచి తలుపు అవతల కనపడేవి తాటిచెట్ల మొదళ్లు మాత్రమే.

ఆ మొదటి రోజు నేను నా పురాణం మొత్తం చెప్పాను. "టీవీల వెలుగు తగ్గించు, సౌండు తగ్గించు, గంత మేరకు బ్యాటరీ ఎక్కువ వస్తది. బొమ్మ నాలుగు దిక్కుల నల్లగయి చిన్నగయితుందంటె ఎంటనే ఆపు, ఇంకా గుంజకు. బాయి నీళ్లు పొయ్యకు, నా దగ్గర సీసల నీళ్లు ఉంటయి, గవ్వే పొయ్యి. వైర్లు పెట్టెకాడ తెల్లగ బూజు పడితె వేన్నీళ్లతోని కడిగి గ్రీజు రాయి. అన్నిటికన్న ముఖ్యం, వాడినంక మూలకు పడెయ్యకు. ఎంటనే పట్టుకరా."

ఆమె ఒక్కొక్కటి నోట్లో నోట్లో అనుకుంటూ విన్నది. మొదటిసారి నా మాట ఎవరో చెవిన పెట్టారని సంతోషపడ్డాను కూడా.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. వారం వారం రమ్మంటే ఆమె నెలకో, ఇంకా ఆలస్యంగానో వచ్చేది. వచ్చినప్పుడల్లా బ్యాటరీ ముందుకంటే అధ్వానంగా ఉండేది. మూతలు విప్పి చూస్తే లోపల ప్లేట్ల మీద తెల్లటి పొర. చార్జింగు పెడితే తీసుకోదు, తీసుకున్నా నిలబడదు. వాడి వాడి పారేసిన బ్యాటరీ గుణం అది.

"రోజూ సినిమాలు చూస్తున్నరు గదా?" అన్నాను ఒకసారి.

"లేదు సేటూ, ఒక్క ఆదివారం పొద్దుగాల దేవుళ్ల సీరియలే. మిగతా దినాలు దానికి దస్తి కప్పి పెడ్తం."

"అబద్ధం చెప్పకు యాదవ్వా. బ్యాటరీ నాకు చెప్తది."

"కొమురెల్లి మల్లన్న మీద ఒట్టు" అన్నది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది. దేవుడి మీద ఒట్టు పెట్టిన మనిషిని ఇంకేమనాలి? బ్యాటరీ చెప్పేది ఒకటి, ఈమె చెప్పేది ఒకటి.

తరవాత వచ్చినప్పుడు ఆమె నిలబడలేక దుకాణం గడప మీద కూలబడింది. వరసగా రెండు ఆదివారాలు సీరియల్ నడుమ బొమ్మ చిన్నదై, మినుకు మినుకుమని, ఆరిపోయిందట. మంచి యుద్ధం నడుస్తుండగా ఆరిపోయింది. జనం గొణుక్కుంటూ లేచి, ఊరి నడుమ కొత్తగా టీవీ పెట్టిన ఇంటికి ఉరికారు. అక్కడ కరెంటు ఉంది.

"ఈ ఆదివారం గూడ ఆగిపోతె ఇగ మా ఇంటికి ఎవ్వలు రారు సేటూ" అన్నది యాదవ్వ. "ఎవ్వలు రాకుంటె ఆయన బతుకడు. బువ్వ ముడుతలేడు. ఒక్కసారి నువ్వు వచ్చి చూడరాదు? నా మాట మీద నీకు నమ్మకం లేకపాయె."

ఎవరో వచ్చి బొమ్మ చూడకపోతే ఒక మనిషి ఎందుకు చచ్చిపోతాడో నాకు అర్థం కాలేదు. అయినా కొమురవెల్లిలో జాతర మొదలు కాబోతున్నది, అక్కడి మైకుసెట్టు వాళ్ల బ్యాటరీలు చూడడానికి ఎలాగూ వెళ్లాలి. వచ్చేటప్పుడు వాళ్ల ఊరి దగ్గర దిగాను. నిజం చెప్పాలంటే జాలితో కాదు. దొంగతనంగా సినిమాలు చూస్తూ పట్టుబడతారని వెళ్లాను. వాళ్లు దొరికితే నాలుగు కడిగేద్దామని దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను.

ఇల్లంటే ఒకటే అర్ర. పెంకులు కిందికి దిగి ఉండడం వల్ల వంగి లోపలికి వెళ్లాలి. లోపల చీకటి, గాలి ఆడదు, కల్లుకుండల వాసన ఇంకా గోడలకు పట్టుకొని ఉన్నది. పొయ్యి ఒక మూల, మంచం ఒక మూల. మంచానికీ గుమ్మానికీ మధ్య చెక్కపెట్టె మీద టీవీ. నిజంగానే దానికి దస్తి గుడ్డ కప్పి ఉన్నది. బ్యాటరీ వైర్లు పీకేసి గోడవారగా పెట్టారు. సినిమాలు లేవు, ఏమీ లేవు. మంచంలో రాజమల్లయ్య. చేతులు ఇంకా చెట్టెక్కేవాడి చేతులే, మొద్దుల్లా ఉన్నాయి. నడుం కింద మాత్రం దుప్పటి కింద ఏమీ లేనట్టే ఉన్నది. అటుపక్కకు తిరగాలన్నా యాదవ్వ రావాలి.

నాకు మొదట వింతగా తోచింది మంచం జాగ. అది టీవీకి వెనక ఉంది. టీవీ ముఖం గుమ్మం వైపు, వీపు అతని వైపు.

"మంచం గీడ ఏసిన్రేంది?" అన్నాను. "నీకు బొమ్మే కనవడది గదా."

"బొమ్మలు ఎవలకు గావాలె సేటూ?" అన్నాడు రాజమల్లయ్య. "ఆదివారం గీ అర్ర నిండ మనుషులు కూసుంటరు. తలుపు అవుతల గూడ నిలవడ్తరు. అందరి మొఖాలు నా దిక్కే ఉంటయి. టీవీ చూస్తున్నమనుకుంటరు వాళ్లు. నాకైతె నా దిక్కు చూసినట్టే ఉంటది."

అతను ఆగలేదు. ఎన్నాళ్లకు దొరికానో మరి.

"పడ్డ కొత్తల అందరు వచ్చిన్రు సేటూ. పాణం ఎట్లున్నదని అడిగిన్రు. రోజు ఒక్కటే ముచ్చట ఎన్నిసార్లు అడుగుతరు? నేను ఎన్నిసార్లు చెప్తా? మెల్లగ బందు జేసిన్రు. వాళ్ల తప్పు గాదు. టీవీ వచ్చినంక మాట్లాడే పనే లేకపాయె, మంచిగ వస్తరు. పోశమ్మ ముసల్ది ఏడుస్తె చూస్తా. బాలవ్వ నోరు తెరిచి చూస్తది, ఈగ దూరినా ఎరుక గాదు. వెంకటనర్సయ్య కన్ను గొడ్తడు నాకు. మనుషులను చూసి వారం దినాలు బతుకుతా. ముందుగాల చెట్టు మీదికెల్లి అందరిని చూస్తుంటి. కిందికెల్లి చూస్తె ఎవ్వలు దొరుకుతలేరు."

అందుకే వారమంతా దస్తి కప్పి ఉంచుతున్నాడు. ఆదివారం ఆ కాసేపటి కోసం బ్యాటరీని దాచుకుంటున్నాడు. అతనొక్కడే ఉన్నప్పుడు ఒక్క నిమిషం పెట్టుకోడు. అక్కడి నుంచి లేచి బయట పడదామని ఉంది, ఆ చెక్కపెట్టెకూ గోడకూ మధ్య నా మోకాళ్లు కూడా కదలడం లేదు.

బ్యాటరీ మాట మాట్లాడడమే నయమనిపించింది. "మరి వాడినంక ఎంటనే చార్జింగుకు ఎందుకు పంపుతలేవు?" అన్నాను.

"ఎందుకు సేటూ? దానికి నిమ్మళం ఇస్తున్న. గీసిన చెట్టును ఊకె గీస్తె ఎండిపోతది. లోతుగ గాట్లు పెట్టినా ఎండిపోతది. పలచగ గియ్యాలె, కొన్నొద్దులు ఇడిసిపెట్టాలె, అప్పుడు మల్ల పారుతది. మా నాయిన నేర్పిన పని గది. గీ బ్యాటరీ గూడ గంతే. ఆరిపోయినంక నాలుగు దినాలు పండబెట్టి మల్ల వైరు పెడితె బొమ్మ వస్తది, చూసినం గదా!"

అప్పుడర్థమైంది నాకు. కాసేపు ఊరుకుంటే బ్యాటరీ ఎవరికైనా కొంచెం తేరుకున్నట్టే కనపడుతుంది. చెట్లతో బతికిన మనిషి దాన్ని చూసి, విశ్రాంతి ఇస్తే మళ్లీ నిండుతుందనుకున్నాడు. ఖాళీ బ్యాటరీని వారాలకొద్దీ మూలన పెట్టి, దాన్ని కాపాడుతున్నాననుకుంటూ చంపుతున్నాడు. యాదవ్వ చెప్పిన ప్రతి మాటా నిజమే. నా నోరు మాత్రం ఊరుకోదు కదా, అరిచాను.

"అది చెట్టు గాదయ్యా! దానికి నిమ్మళం పనికిరాదు. రోజింత వాడాలె, నింపాలె, మల్ల వాడాలె. గట్ల మూలకు పండబెడితె ఏదైనా సస్తది!"

అన్నాక గానీ ఎవరితో అంటున్నానో తెలియలేదు. పొయ్యి దగ్గర యాదవ్వ చెయ్యి ఆగిపోయింది. నాలుక కొరుక్కున్నాను. రాజమల్లయ్య కప్పు వైపు చూశాడు.

"గది నాకు ఎరుకనే సేటూ" అన్నాడు మెల్లగా. "బ్యాటరీకి గూడ గంతేనని తెల్వకుండె."

ఆ శనివారమే ఒక మంచి బ్యాటరీ నా దుకాణం నుంచి పంపించాను. ఒక జీపాయన వదిలేసి పోయింది. వెంకటనర్సయ్యను పిలిచి గట్టిగా చెప్పాను. "గీ బ్యాటరీ నిలవాలంటె రోజూ పొద్దుగూకంగ కొంతసేపు నడవాలె. ఒక్కనికి నడిపితె దండుగ. నలుగురు కూసోవాలె." బ్యాటరీ రోజూ కాస్త వాడి, వెంటనే నింపుకుంటే మంచిదన్న మాట నిజం. నలుగురు కూర్చోవాలన్నది నేను కలిపింది. వెంకటనర్సయ్య నా ముఖంలోకి చూసి బ్యాటరీ ఎత్తుకున్నాడు. అర్థమైందనుకుంటాను.

అప్పటి నుంచి నాకు తెలిసినంతలో ఆ అర్రకు మంచి రోజులు. సాయంత్రం కల్లు దించుకొని వచ్చిన వాళ్లు మోకులు గుమ్మం దగ్గర పడేసి వార్తల ముందు కూర్చునేవారు. వార్తల్లో ఏం చెబుతున్నారో ఎవరికీ పట్టదు, ముచ్చట్లు నడిచేవి. ఆదివారం పొద్దున తలుపు అవతల దాకా జనం. యాదవ్వ వారం వారం గంప నెత్తిన పెట్టుకొని వచ్చేది. ఒడిలో చిల్లులు పెరిగాయి కానీ మనిషి నవ్వు ముఖంతో వచ్చేది. బ్యాటరీ బంగారంలా పనిచేసింది. నేను చెప్పినట్టు చేసిన మొదటి ఇల్లు అదేనని నలుగురికీ చెప్పుకున్నాను.

తొంభైలో ఎండాకాలం తరవాత సీరియల్ అయిపోయింది. అప్పటికే ఊళ్లో ఇంటింటికీ వైరు లాగారు, చేతిలో నాలుగు రాళ్లున్న వాళ్లంతా సొంత టీవీలు పెట్టుకున్నారు. కొందరివి రంగులవి. ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చున్నారు. ఇందులో ఎవరిని తిట్టాలి? తిట్టడానికి మనిషి దొరక్కపోతే నాకు ఇంకా కోపం వస్తుంది. వెంకటనర్సయ్య మోకాళ్లు అరిగి కొడుకు దగ్గరికి గజ్వేల్ వెళ్లిపోయాడు. అతనుంటే ఇద్దరు ముగ్గురిని లాక్కొచ్చేవాడేమో.

యాదవ్వ మాత్రం సోమవారం సోమవారం వస్తూనే ఉంది. ఒకసారి బ్యాటరీ దించి, మూత విప్పి, యాసిడ్ చూసే గాజుగొట్టం ముంచాను. లోపలి బుడ్డి నిటారుగా పైకి లేచి నిలబడింది. బ్యాటరీ నిండుగా ఉంది. చుక్క వాడలేదు.

"యాదవ్వా, ఇది నిండుగనే ఉన్నది. ఎందుకు మోసుకొచ్చినవ్?"

"ఎరుకనే సేటూ. నేను చెప్పిన. ఆయన ఊకుంటలేడు. ఆదివారం ఎవలన్న వస్తె నడుమ ఆగిపోవద్దంటడు. తయారుండాలె అంటడు."

"ఎవలన్న వస్తున్నరా?"

ఆమె బట్టచుట్ట సరిచేసుకుంటూ నిలబడింది. నిండిన బ్యాటరీకి మళ్లీ చార్జింగు పెడితే చెడిపోతుంది. పెట్టనంటే ఆమె ఆ బరువుతో ఇంటికెళ్లి అతనికి ఏం చెబుతుంది? వైర్లు తగిలించకుండానే ఒక గంట బల్ల మీద ఉంచుకొని, తుడిచి, గంపలో పెట్టి ఎత్తాను. పై వారం కూడా అలాగే చేశాను. ఆ తరవాత వారమూ అంతే. నిండు బ్యాటరీ ఆ పల్లె నుంచి సిద్దిపేటకూ, సిద్దిపేట నుంచి ఆ పల్లెకూ ఆమె ఒడిలో తిరుగుతూ ఉంటే నాకు అన్నం సయించలేదు. ఇంట్లో నా భార్య జ్ఞానేశ్వరి, "ఎవల మీద కోపం గిది?" అని అడిగింది. చెయ్యి కడుక్కొని లేచాను.

ఇక లాభం లేదని ఒక ఆదివారం దుకాణం మూసి బస్సెక్కాను. గట్టిగా చెప్పేసి రావాలి. ఇగ ఎవరూ రారు, ఆమెను ఊరికే తిప్పకు, టీవీ నీ వైపు తిప్పుకొని నువ్వే హాయిగా చూసుకో, అని. అదే అనుకుంటూ వెళ్లాను.

గుమ్మంలో వంగి చూస్తే అర్ర అలికి ఉంది. చాప పరిచి ఉంది, పెద్ద చాప. రాజమల్లయ్యకు యాదవ్వ తల దువ్వి, ఉతికిన అంగీ తొడిగింది. ఒళ్లు మాత్రం సగమైంది, ఆ చేతులు కూడా సన్నబడ్డాయి. టీవీ మీద దస్తి తీసి ఉంది. ముందు ఎవరూ లేరు.

"వచ్చినవా సేటూ!" అన్నాడు. ఆ రెండు మాటల్లో ఎంత ఆనందమంటే, నేను తెచ్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాను. యాదవ్వ వైరు తగిలించి టీవీ పెట్టింది.

టీవీలో ఎవరో పంతులు హిందీలో పాఠం చెబుతున్నాడు. నాకు హిందీ పాఠాలు అక్కర్లేదు. కానీ ముఖం తిప్పలేను. టీవీ మీదుగా రాజమల్లయ్య నన్నే చూస్తున్నాడు. నిండు అర్రను చూసిన కళ్లతో నా ఒక్క ముఖాన్నీ చూస్తున్నాడు. ఆవలింత వస్తే మింగాను. దోమ కుడితే కొట్టుకోలేదు. పంతులు వెళ్లి పాటలొచ్చాయి, పాటలు వెళ్లి ఏదో సినిమా మొదలైంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. అర్ర ఉడికిపోతోంది. తలుపు నా వెనకే ఉంది, రెండడుగులు వేస్తే బయట గాలి. ఆ రెండడుగులు వెయ్యలేకపోయాను. నాకు ఒక్క పూటకే ఇట్లా ఉంటే అతనికి ఎట్లా ఉంటుందో అనిపించింది.

చివరికి ధైర్యం చేసి పంచె దులుపుకుంటూ లేవబోయాను. "పోయొస్త రాజమల్లయ్యా. బస్సుకు యాళ్లయితుంది."

అతను మోచేతి మీద ఆనుకొని, ఎంత కష్టం మీదో తల పైకెత్తాడు.

"బ్యాటరీ ఇంక నిండుగనే ఉన్నది సేటూ" అన్నాడు. "నువ్వు చెప్పినట్టే ఎలుగు తగ్గించిన, సౌండు తగ్గించిన. పొద్దుగూకెదాంక వస్తది. కూసో."